ఉమ్మడి గోడ మీద దూలం

ఏటా వానాకాలంలో వీధులన్నీ కాలువలైపోయే రోజులవి. కింది గదులను నీళ్లకు వదిలేసి జనం అటకల మీదే కాపురాలు పెడుతున్నారు. వర్ధనమ్మ కూడా తన అటకను గదిగా మార్చుకోవాలనుకుంది. కొత్త దూలం ఉమ్మడి గోడలోకి దిగాలి. అందుకు పక్కింటి జిలానీ ఒప్పుకోవాలి. ఆమె వాళ్లింటికి వెళ్లి అడిగింది.

“గోడ కుంగితే మా కొంప కూలుద్ది అక్కా,” అన్నాడతను. గోడ ఎంత బరువు మోయగలదో చెప్పే, గోడకు అతికించిన మీటరు కూడా అతనికే వత్తాసు పలుకుతూ ఎర్రగా వెలిగింది.

వర్ధనమ్మ మంచం మీదున్న అతని తల్లిని చూసింది. నడవలేని ఆ పెద్దావిడను పోయినేడు పడవలో శిబిరానికి మోసుకుపోయారు.

“బరువంతా ఒక పక్కే పడితే కదా కుంగేది! దూలాన్ని మీ ఇంట్లోకీ సాగదీద్దాం తమ్ముడూ. మీకూ అటక లేస్తుంది. అమ్మ ఇంట్లోనే ఉంటుంది.”

రెండిళ్ల మీదుగా సాగే దూలం కొలతలు జిలానీ మీటరుకు చెప్పాడు. అది పచ్చబడింది. అతను వెంటనే ఒప్పందం మీద వేలిముద్ర వేశాడు.

తొలకరికి ముందే రెండిళ్లలోనూ అటకలు సిద్ధమయ్యాయి. జిలానీ తల్లిని ఎత్తుకుని పైకి చేర్చాడు. ఆషాఢంలో నీళ్లొచ్చాయి. పడవవాళ్లు వచ్చి శిబిరానికి రమ్మంటే ఆవిడ పై కిటికీలోంచి తల బయటపెట్టింది.

“మేం రాంలే నాయనా! పడవ అక్కడ కట్టేసి, పైకొచ్చి టీ తాగిపోండి.”