కంచె అవతలి కరివేపాకు

"ఉప్మాలో మళ్ళీ కరివేపాకు లేదు," అన్నాడు ఉదయభాస్కర్, చెంచాతో కెలుకుతూ.

"అది లేకపోతే ఉప్మా కాదా?" అంది కృష్ణవేణి.

"కాదు. ఉడికిన రవ్వ."

"మొక్క ఉన్నది నిరుపమ ఇంట్లో. ఆ గడప తొక్కొద్దన్నది మీరు. రవ్వే తినండి."

అతను వినిపించుకోలేదు. టైము చూసుకుని, బూట్లు వేసుకుని పరుగెత్తాడు. పెట్రోలు మండిపోతోందని, జూన్‌లో మొదలైన ఆ శీతాకాలమంతా కారు బయటికి తీయలేదు. పక్క వీధి మలుపులో ఎవరో ఆఫీసాయన ఎక్కించుకుంటాడు. కాసేపటికి హేమశ్రీ కూడా బ్యాగు తగిలించుకుని స్కూలుకి వెళ్ళిపోయింది.

న్యూజీలాండ్‌లోని ఫ్లాట్ బుష్‌లో ఆ వీధి ఎనిమిదిన్నరకల్లా ఖాళీ. గరాజ్ తలుపులన్నీ దిగిపోయాక మనిషి అలికిడి ఉండదు. వంటింటి కిటికీలోంచి చూస్తే వెనక చెక్క కంచె, దాని అవతల నిరుపమ బట్టలు ఆరేస్తూ కనిపిస్తుంది. జనవరి దాకా పదకొండింటికి ఇద్దరూ కంచెకి చెరోవైపు నిలబడి కాఫీ తాగేవాళ్ళు. వెళ్ళేటప్పుడు నిరుపమ నాలుగు రెబ్బలు తుంచి ఇచ్చేది. పార్కులో మనవాళ్ళ క్రికెట్టుకి అంపైరుగా నిలబడ్డ నిరుపమ భర్త వంశీ, ఉదయభాస్కర్‌ని రనౌట్ ఇచ్చాడు. అంతే.

తీగకి క్లిప్పులు పెడుతూ నిరుపమ ఒకసారి ఇటు చూసింది. కృష్ణవేణి చటుక్కున కుళాయి మీదికి తల వంచింది. తలెత్తేసరికి దుప్పటి ఒక్కటే ఊగుతోంది.

ఆ పగలంతా ఆమె నోరు విప్పింది ఒక్కసారే. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినాయనకి గుడ్ మార్నింగ్ చెప్పడానికి.

సాయంత్రం హేమశ్రీ పుస్తకం తెచ్చి ఒళ్ళో పడేసింది. "అమ్మా, క్వశ్చన్స్ అడుగు. రేపు హిస్టరీ టెస్ట్."

"మొదటి ప్రపంచయుద్ధం ఎందుకు వచ్చింది?"

"సారాయెవోలో ఆస్ట్రియా ఆర్చ్‌డ్యూక్‌ని, అంటే వాళ్ళ ప్రిన్స్‌ని, షూట్ చేశారు. ఆస్ట్రియాకి సెర్బియా మీద కోపం. సెర్బియాకి రష్యా సపోర్ట్. ఆస్ట్రియాకి జర్మనీ. రష్యాకి ఫ్రాన్స్."

"చంపింది ఫ్రాన్స్ మనిషినా?"

"కాదు. అలయన్స్ ఉంది కదా! సో, వాళ్ళ సైడ్ నిలబడాలి."

"మరి న్యూజీలాండ్?"

"బ్రిటన్ వెళ్ళింది కాబట్టి."

"ఇంత దూరం నుంచి! 'మధ్యలో నాకేమిటి?' అని ఎవరూ అనలేదూ?"

హేమశ్రీ నవ్వింది. "అని ఉంటే నాకీ టెస్ట్ ఉండేది కాదు."

కృష్ణవేణి పుస్తకం మూసి, కిటికీలోంచి చూసింది. కంచె అవతల వంటింట్లో దీపం వెలిగింది.

రాత్రి భోజనాల దగ్గర పప్పు వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టి, నిలబడే చెప్పింది.

"రేపు పదకొండింటికి నిరుపమ ఇంటికి వెళ్తున్నాను. రనౌట్ అయింది మీరు, నేను కాదు. మీ యుద్ధంలో ఇక నేనుండను."

హేమశ్రీ తినడం ఆపి తండ్రి వైపు చూసింది. ఉదయభాస్కర్ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"యుద్ధమేమిటి? మేం ఈస్టర్‌కే కలిసిపోయాం. రోజూ నన్ను ఆఫీసుకి తీసుకెళ్తున్నది వంశీయేగా. నీకు చెప్పలేదూ?"