దారం కొస

“ఈసారి కూడా దారం లాగావో, ఇక నా గడప తొక్కకు!” అన్నారు గురువుగారు.

టైలరమ్మ గుమ్మం ముందే ఆగిపోయింది. ఎదురుగా చీకటిగది. కిటికీ లేదు, దీపం లేదు. అందులో గంటసేపు ఒంటరిగా ఊరికే కూర్చోవాలి. మణికట్టుకి దారం కట్టుకుని వెళ్లాలి. రెండో కొస తలుపు కింది సందులోంచి బయటికొచ్చి గురువుగారి వేళ్ల మధ్య ఉంటుంది. భయమేస్తే లాగితే చాలు, తలుపు తీస్తారు. ఇప్పటికి రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ అయిదు నిమిషాలకే లాగేసింది.

“పోనీ జపమైనా చేసుకోనివ్వండి. ఇరవై ఏళ్ల అలవాటు.”

“ఆ అలవాటుని పట్టుకు వేలాడే కదా ఇక్కడే ఉండిపోయావు? తెలియనిదాంట్లోకి ఉత్త చేతుల్తో వెళ్లాలి.”

“మరి మొదటిసారి మీరెంతసేపు కూర్చున్నారండీ?”

గురువుగారు గొంతు సవరించుకున్నారు. “కబుర్లు తర్వాత. ముందు నడు.”

తలుపు మూసుకుంది. అమ్మో, ఏం చీకటి! తన చెయ్యి తనకే కనపడదు. వెనకాల ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. ఎవరూ కాదు, తనే. తెలిసినా భయం తగ్గలేదు. మణికట్టు దగ్గర దారం సన్నగా వణుకుతోంది.

‘ఛీ, నా వణుకు దారానికి కూడా పాకింది!’ అనుకుంది. అది వణికేకొద్దీ లాగెయ్యాలనిపిస్తోంది. లాగితే ఇంతే సంగతులు. మళ్లీ ఈ గుమ్మం లేదు, చచ్చేదాకా ఈ పిరికితనంతోనే బతకాలి. ఏడుపొచ్చింది. ఉన్నట్టుండి, రోజుకి వందసార్లు చేసే పనే చేసింది. దారాన్ని పంటితో పుటుక్కున కొరికేసింది. బయట ఆయన కంగారు పడకుండా కొసని తడుముకుంటూ తలుపు పిడికి ముడేసి, వచ్చి కూర్చుంది.

అప్పుడొచ్చింది అసలు భయం. పట్టుకోడానికి ఏమీ లేదు. ఏది పైనో ఏది కిందో తెలియడం లేదు. అయిపోయింది, చచ్చిపోతున్నాననుకుంది. చావలేదు. భయం రావలసినంతా వచ్చి, మెల్లగా తగ్గింది. చీకటి అలాగే ఉంది. తనూ ఉంది. చేతులు ఒళ్లో కుదురుగా ఉన్నాయి.

బయట గోడగడియారం మోగింది. గంట నిండింది! నవ్వొచ్చింది ఆవిడకి. లేచి తలుపు దగ్గరికెళ్తే పిడి దగ్గర దారం వేలికి తగిలింది.

దారం ఇంకా వణుకుతూనే ఉంది.

ఏమిటిది, అని ఆవిడ అనుకునేలోపే తలుపవతల నుంచి గురువుగారి గొంతు వినిపించింది, ఏడుపు గొంతు.

“అమ్మా, ఉన్నావా? ఇంతసేపు ఎవరూ ఉండలేదమ్మా! ఆ గదిలోకి నేనెప్పుడూ వెళ్లలేదు... నాకు భయంగా ఉంది, ఒక్కసారి దారం లాగు తల్లీ!”