పక్కచూపు

పొద్దుపోయేలోగా చెల్లెలు చేయవలసిన పనులు ఇవి. హాల్లో ఉన్న బీరువాను పడగ్గదిలోకి జరిపించాలి. దానికి తాళం మార్పించాలి. యాప్‌లో లోపమేమీ లేదని ఆఫీసుకు రాసి పంపాలి. ఆ తర్వాత అన్నయ్యతో వీడియోలో మాట్లాడి, తెగతెంపులు చేసుకోవాలి.

మొదటి పనికే మొగుడి నడుం పట్టేసింది.

"ఏమిటే ఈ బరువు? లోపల రాళ్ళు పెట్టావా?"

"అమ్మ నగలు. మీరు తొయ్యండి."

"నగలే ఇంత బరువుంటే మనం ఈ అద్దెకొంపలో ఎందుకుంటాం?"

ఆమె నవ్వలేదు. నవ్వొచ్చే స్థితి కాదు ఆమెది.

ఆమె పనిచేసే కంపెనీ కొత్త వీడియో యాప్ ఒకటి తయారుచేసింది. చూసేవాడి కన్ను తెరమీద ఎక్కడ నిలిస్తే అక్కడ మాత్రమే బొమ్మ తేటగా ఉంటుంది. మిగతాదంతా మసకబారిపోతుంది. సిగ్నల్ సరిగా లేనిచోట కూడా వీడియో ఆగకుండా నడిపించే కిటుకు అది. దాన్ని పరీక్షించడం ఆమె ఉద్యోగం. ఓడరేవులో క్రేన్ నడిపే అన్నయ్య ఉండేచోట సిగ్నల్ అంతంతమాత్రం. అందుకే పోయినసారి వెళ్ళినప్పుడు ఆయన ఫోన్లో తనే ఆ యాప్ వేసి వచ్చింది. అన్నయ్య తెరమీద ఎలా కనిపిస్తుందో ఆమె లాప్‌టాప్‌లోనూ అచ్చం అలాగే కనిపిస్తుంది. "పరీక్షకేగా, చూసుకో" అన్నాడు ఆయన.

చూసుకుంది. ప్రతిసారీ తన మొహం తడిచేత్తో చెరిపేసిన పలకలా ఉంది. తన పక్కనున్న బీరువా మాత్రం, పిడి మీది గీతతో సహా తళతళలాడుతోంది.

అమ్మ పోయాక "నగలు నీ దగ్గరే ఉండనీ చిట్టీ, నాకెందుకు" అన్న మనిషి. ఇంట్లో ఒక్కరైనా డిగ్రీ చదవాలని, తన చదువు మానేసి క్రేనెక్కిన మనిషి. మాటలన్నీ చెల్లెలితో, చూపులన్నీ బీరువామీద!

"యాప్‌లోనే ఏదో తేడా ఉందేమో" అన్నాడు మొగుడు, నడుం పట్టుకుని కుర్చీలో కూలబడుతూ.

"నామీద, మీమీద, ఆఫీసులో అందరిమీదా పరీక్షించాను. కన్ను ఎటుంటే అటే. మనిషి అబద్ధమాడతాడేమో గానీ కన్ను ఆడదండీ."

బీరువా పడగ్గదిలోకి చేరింది, తాళమూ మారింది. హాల్లో దాని చోట బోసిగోడ మిగిలింది. ఆమె ఫోనును ఎప్పటి చోటే నిలబెట్టి, పక్కన లాప్‌టాప్ తెరిచి, అన్నయ్యకు కలిపింది.

"ఏం చిట్టీ, తిన్నావా?"

"ఊఁ."

"బావగారేరీ?"

"నడుం పట్టేసింది."

"ఏం మోయించావే పాపం ఆయనచేత?"

కనిపెట్టేశాడు!

"లైటు వేసుకోవే, ఆ చీకట్లో ఏమిటి కూర్చోవడం?" అన్నాడు అన్నయ్య. నెత్తిమీద ట్యూబ్‌లైటు ధగధగా వెలుగుతోంది.

ఆమె లాప్‌టాప్ వైపు చూసింది. ఎప్పటిలాగే తన మొహం మసక. పక్కన బోసిగోడ మాత్రం, పాత మేకు రంధ్రంతో సహా, అద్దంలా ఉంది. వెతుకుతున్నాడు. బీరువా ఏమైందా అని గోడంతా వెతుకుతున్నాడు.

"అన్నయ్యా, ఎటు చూస్తున్నావు?"

"నిన్నేనే. ఇంకెవర్ని చూస్తాను?"

"నన్నా? అయితే ఉండు!" ఆమె కుర్చీని బర్రున లాగి, ఆ తేటగా ఉన్న గోడకు అడ్డంగా వెళ్ళి కూర్చుంది. లాప్‌టాప్‌లో ఆమె మొహం కనురెప్పల వెంట్రుకలతో సహా తేలింది. "ఇదిగో, ఇప్పుడు చూడు!"

"చిట్టీ? లేచెళ్ళిపోయావా?"

"అబ్బ, ఏం నటన! ఇంక చాల్లే నీ పక్కచూపులు. బీరువా లోపల పెట్టించాను. తాళం కూడా మార్పించాను. నగలు కావాలంటే నోరు తెరిచి అడగొచ్చుగా! చిట్టీ చిట్టీ అంటూనే ఇంత మోసమా?"



"బీరువా హాల్లో ఉండేదా?" అన్నాడు అన్నయ్య మెల్లగా. "నాకు తెలీదే."

ఫోను చేతులు మారింది. "ఇటివ్వండి, నేను చెబుతాను" అంటూ వదిన లైన్లోకి వచ్చింది. "అమ్మాయ్, విను. మీ అన్నయ్య రెండు కళ్ళలోనూ చూపుకి నడిమధ్యన మచ్చ పడింది. క్రేన్ దిగిపోయారు. ఎవర్నైనా సూటిగా చూస్తే అక్కడ నల్లటి గుండ్రం తప్ప ఇంకేం లేదట. మనిషి కనపడాలంటే కాస్త పక్కకి చూడాలి. తెలిస్తే నువ్వు బెంగపెట్టుకుంటావని నా నోరు కట్టేశారు."

ఆమె కుర్చీని మళ్ళీ పాతచోటికి జరుపుకుంది.

"మామూలు వీడియోలో అయితే, అలా పక్కకి చూస్తే నీ మొహం కనపడేదమ్మాయ్. నువ్వు ఈ కొత్తది వేసి వెళ్ళాకే అదీ మసకబారిపోయింది. తీసేద్దామండీ అంటే, మా చిట్టి చేసింది, ఉండనీ అన్నారు."

ఆఫీసుకు ఆమె చివరికి ఏం రాసిందో మనకెందుకు గానీ, మీతో మాట్లాడుతూ ఎవరైనా మీ భుజం పక్కకి చూస్తుంటే, ఆ క్రేన్ అన్నయ్యను ఒక్కసారి గుర్తుచేసుకోండి.