పిండి పడని ఒళ్లు

"అదే పిండి దుమ్ము నువ్వూ పీలుస్తున్నావు. నీకేమీ కాదేంటే?" అంది జిఫా, కేటా బజారు బేకరీ గుమ్మం బయటే నిలబడి.

ఆ దుమ్ము పడక, ఉబ్బసం వచ్చి ఆమె పని మానేసింది. పొయ్యి దగ్గర ఆమె చోటు ఇప్పుడు చెల్లెలు ఎసినామ్‌ది.

"ఏమో అక్కా."

"నా పుట్టుకలోనే ఉందట, పిండి నా ఒంటికి పడదట, డాక్టరు అన్నాడు. మనిద్దరిదీ ఒకే రక్తం. పాడు రోగం నాకే రావాలా?"

ఎసినామ్ వరసగా తుమ్మి ముక్కు తుడుచుకుంది. "జలుబు. ఆదివారం ఇంటిపట్టున ఉంటే తగ్గుతుంది, పనిలోకి రాగానే మళ్లీ మొదలు."

జిఫా కడుపుమంట చప్పున చల్లారింది. తనకూ అలాగే మొదలైంది.

లోపలికెళ్లి చెల్లెలి చేతిలోని జల్లెడ లాక్కుంది. "పద, డాక్టరుకి చూపిద్దాం."

"నా చోటు ఇంకెవరికైనా ఇచ్చేస్తారక్కా!"

"ఇచ్చుకోనీ," అంది జిఫా దగ్గుతూ.