ఒంటికి పడని స్టీలు

బేకరీలో పనిచేసే అమ్మాయి చేతి వాచీ విప్పి, వాచీల షాపు అద్దాల బల్ల మీద పెట్టింది.

మణికట్టు చుట్టూ ఎర్రగా కందిపోయి ఉంది. నీటిపొక్కులు కూడా లేచాయి.

"ఇది పెట్టుకున్నప్పట్నుంచే ఇలా అయిందండీ. మార్చి ఇవ్వండి."

షాపు యజమానురాలికి ఒళ్ళు మండింది.

అది తండ్రి పెట్టిన షాపు. ఆయన పోయాక తమ్ముణ్ణి రిపేరు బల్ల దగ్గర కూర్చోబెట్టి ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. సరుకును ఒక్క మాటంటే తండ్రిని అన్నట్టే ఉంటుంది ఆమెకు.

"మా వాచీకేం తల్లీ? అసలైన స్టెయిన్‌లెస్ స్టీలు. నువ్వు తినే చెంచా కూడా స్టీలేగా. నోరెప్పుడైనా పొక్కిందా?"

"లేదండీ. కానీ..."

"పొయ్యి దగ్గర పని. చెమట పడుతుంది. చెయ్యి శుభ్రంగా కడుక్కోవాలి."

"రోజంతా కడుక్కుంటూనే ఉంటానండీ."

"తప్పు నీ చేతిది కాదమ్మా," అన్నారెవరో.

ఓ ముసలాయన. అంతసేపూ ఓ మూల నిలబడి, వరుసగా పెట్టిన వాచీల వెనకవైపు బొటనవేలితో తడిమి చూస్తున్నాడు.

"స్టీలులో నికెల్ కలుస్తుంది. అది కొందరి ఒంటికి పడదు. నువ్వు టైటానియం వాచీ పెట్టుకో. పట్టీ బకిల్ కూడా టైటానియందే చూసుకో."

"మా దగ్గర అవి ఉండవు," అంది యజమానురాలు. "బూడిద పట్టిన గిన్నెలా ఉంటుంది దాని మొహం. చేతిలో పెడితే బొమ్మ వాచీలా తేలిపోతుంది."

"తేలిగ్గా ఉండటమే కదమ్మా దాని గొప్ప? స్టీలు బరువులో ఇంచుమించు సగం. బలానికి తీసిపోదు. చెమటకీ ఉప్పునీటికీ చెక్కుచెదరదు. చలిలో పెట్టుకున్నా జివ్వుమనదు."

"గీతలు పడవా మరి?" అని రెట్టించింది యజమానురాలు.

"పడతాయి. స్టీలు కంటే తొందరగా పడతాయి. మెరుపూ తక్కువే. అయినా ఆ గీతలు పడేది వాచీ మీద, మనిషి చేతి మీద కాదు కదా."

రిపేరు బల్ల దగ్గర తమ్ముడు కిసుక్కుమన్నాడు. అక్క చూపు తగిలి తల దించుకున్నాడు.

"ఎదురు షాపులో ఉంటాయి, వెళ్ళి చూడు తల్లీ," అన్నాడు ముసలాయన ఆ అమ్మాయితో.

ఆ మాటతో యజమానురాలు కుర్చీలోంచి లేచింది.

"నా షాపులో నిలబడి నా బేరాన్ని ఎదురు షాపుకి తోలుతున్నావా? ఎంత ముట్టజెబుతున్నాడు వాడు నీకు?"

"ఎవరూ ఏమీ ఇవ్వలేదమ్మా. స్టీలు చెడ్డదని నేనెందుకంటాను? ఈ పిల్లకి పడదంటున్నాను, అంతే."

"చేతికి వాచీ లేదు గానీ నాకు వాచీల పాఠాలు చెప్పొచ్చాడు."

ఆయన జేబులోంచి డబ్బు తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టి, బల్ల మీది వాచీని జేబులో వేసుకున్నాడు.

"ఇది నాకు అమ్మేశావనుకో," అని వెళ్ళిపోయాడు.

"చూశావురా నాటకం," అంది ఆమె తమ్ముడితో. "జనాన్ని మాయ చెయ్యడానికి వీళ్ళకి పెట్టుబడి కూడా ఇచ్చి పంపుతారు."

వారం తిరక్కుండానే ఆయన మళ్ళీ వచ్చాడు.

ఈసారి లోపలికి రాలేదు. మెట్ల దగ్గర నిలబడి, స్టీలు వాచీ పెట్టుకున్నవాళ్ళు కనిపిస్తే ఆపి అడుగుతున్నాడు.

"దురదేమన్నా వస్తోందా బాబూ?"

చాలామంది లేదన్నారు. మణికట్టు గోక్కుంటూ ఒకావిడ మాత్రం వెనక్కొచ్చి, తన వాచీ తిరిగి తీసుకోమని కూర్చుంది.

ఇక ఆమెకు ఓపిక చచ్చిపోయింది. పక్క షాపుల వాళ్ళను కేకేసింది. ఇద్దరు కుర్రాళ్ళు ఆయన్ని మెడపట్టి రోడ్డు మీదికి నెట్టారు. కాలి చెప్పు ఒకటి ఊడి ఎటో పడింది.

"అమ్మా, అసలు నేనెవరినంటే..."

"నువ్వెవరివైతే నాకేం? ఇంకోసారి ఈ ఛాయలకొస్తే పోలీసులకి పట్టిస్తా."

వీధి వీధంతా చూస్తోంది. ఆయన చెప్పు వెతుక్కుని తొడుక్కున్నాడు. షాపు వైపు ఒకసారి చూసి, వంగిపోయి నడుచుకుంటూ వెళ్ళాడు.

"వయసులో పెద్దాయన అక్కా," అన్నాడు తమ్ముడు.

"పెద్దాయనైతే పెద్దరికం ఉండాలి. మన పొట్ట కొట్టడమేనా పెద్దరికం?"

ఆయన మళ్ళీ ఆ వీధిలో కనిపించలేదు.

కొన్నాళ్ళకు హోల్‌సేల్ ఆయన కొత్త సరుకు తెచ్చాడు. ఆమె ఒక స్టీలు వాచీ చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. అంచు వేలికి గీరుకుంది.

"ఇదేంటయ్యా, బ్లేడులా ఉంది? ఇన్నాళ్ళూ వెన్నముద్దల్లా వచ్చేవి."

"ఇవి వేరేవాళ్ళ దగ్గర చేయించానమ్మా. మన వాచీలకి స్టీలు కేసులు, అదే పై డొప్పలు, చేసే ఆయన పోయాడు."

"అయ్యో. ఏమైంది?"

"జ్వరమన్నారు. దానికి ముందే సగం పోయాడు లెండి. కూర్చున్న కొమ్మను నరుక్కునే రకం. తన సరుకు ఎవరికి పడదో తనే తిరిగి చెప్పేవాడు. ఎందుకన్నా నీకు అంటే, నా చేత్తో చేసింది ఇంకొకరి చేతిని తినకూడదు అనేవాడు. ఎక్కడో నలుగురిలో అవమానం జరిగిందట. ఆ తర్వాత గడప దాటలేదు."

ఆమె మొహం ఎర్రబడింది.

"అలాంటి మనిషిని అవమానించడానికి నోరెలా వచ్చింది వాళ్ళకి? ఎవరయ్యా వాళ్ళు? షాపు పేరు చెప్పు, నేనే వెళ్ళి కడిగేస్తాను."

"ఎంత అడిగినా పేరు చెప్పలేదమ్మా. వాళ్ళ వ్యాపారం పాడవుతుందన్నాడు."

హోల్‌సేల్ ఆయన ఫోన్ తీసి, వెతికి, ఆమె చేతికిచ్చాడు. తమ్ముడు కూడా లేచి వచ్చి అక్క భుజం మీంచి తొంగిచూశాడు.

స్టీలు కేసుల గుట్ట వెనక, చేతులకు నూనె మరకలతో నవ్వుతూ కూర్చున్నాడు, ఆమె మెడపట్టి గెంటించిన ముసలాయన.