తప్పుకున్న జడ్జి

ఆగస్టు 12, శనివారం. బట్టలు రెండు విడతలు ఉతికాను, కోళ్ల గూడు కడిగాను, పోటీకి చెర్రీ జామ్ సీసా అప్పగించాను.

మా ఆయన ఎల్డన్ ముప్పై ఏళ్లుగా ఫెడరల్ కోర్టు జడ్జి. ఈ ఏడు మా నెబ్రాస్కా కౌంటీ సంతలో చెర్రీ జామ్‌ల పోటీకీ ఆయనే జడ్జి. సీసాల మీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి. పదిహేనేళ్లుగా నాకు మొదటి బహుమతిగా ఇచ్చే నీలం రిబ్బను రాలేదు. ఈసారీ రాకపోతే మళ్లీ జామ్ చేయనని ఒట్టు పెట్టుకున్నాను.

ఆయన మూడు సీసాలకు మార్కులు వేశారు. నాలుగోది నాలుక మీద పెట్టుకోగానే చెంచా దించి లేచి నిలబడ్డారు.

"దీనికి నేను తీర్పు చెప్పకూడదు. ఇది మా ఆవిడ చేతి జామ్. సొంతవాళ్ల కేసు నుంచి తప్పుకోవడం నా ధర్మం."

జనం చప్పట్లు కొట్టారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

పక్కింటి వెర్నా నన్ను మోచేత్తో పొడిచింది. "ఏమేవ్, నాలుగోది నాది కదే. మరి నీదేది?"

"రెండోది."

ఇద్దరం వెళ్లి మార్కుల కాగితం చూశాం. రెండో అంకెకు ఎదురుగా సున్నా ఉంది. దాని పక్కన మా ఆయన దస్తూరీ:

"ఇందులో చెర్రీలున్నట్టు సాక్ష్యం లేదు. కొట్టివేయడమైనది."