పిక్క పట్టేసిన చోటు

కాలి రక్తనాళాలు సన్నబడ్డాయని, చుట్ట మానేసి రోజూ నడవమని అమలాపురం డాక్టరు యాకోబు మాస్టారికి చెప్పారు. పిక్క పట్టేస్తే అక్కడే ఆగాలి, నొప్పి తగ్గాక మళ్ళీ నడవాలి.

మొదటి రోజు ఉదయమే, రాజోలులో ఇంకెక్కడా చోటు లేనట్టు, సరిగ్గా శ్యామ్ సుందర్ గారి గేటు ముందు పట్టేసింది.

కొబ్బరితోట గట్టు దగ్గర దెబ్బలాడుకున్నాక ఆ ఇద్దరికీ ఎనిమిదేళ్ళుగా మాటల్లేవు. మాస్టారు గేటు పట్టుకుని, ఒక్క అడుగు పడితే చాలు ప్రభువా అనుకున్నారు. పడలేదు. ఈలోగా అరుగు మీంచి శ్యామ్ సుందర్ గారు లేచి రానే వచ్చారు.

జబ్బని చెప్పుకుంటే లోకువైపోతానని మాస్టారి భయం. అందుకని నవ్వు తెచ్చిపెట్టుకుని, "చాలా కాలమైంది కదండీ, ఓసారి పలకరించి పోదామనీ..." అన్నారు.

శ్యామ్ సుందర్ గారు కుర్చీ తెచ్చి వేశారు. "ఆయ్, కూర్చోండి. ఎడంకాలా, కుడికాలా?"

మాస్టారు చిన్నగా, "ఎడందండీ" అన్నారు.

"నాకు కుడిదండీ. పోయినేడు మీ గేటు ముందే పట్టేసింది. నన్ను చూడగానే మీరు ఠపీమని తలుపేసేసుకున్నారు."

మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. "మీరు దెబ్బలాటకొచ్చేరనుకున్నానండీ."

"దెబ్బలాటకొచ్చినోణ్ణి పావుగంట సేపు నోరు మూసుకుని నిలబడతానాండీ?" అంటూ శ్యామ్ సుందర్ గారు రెండు కాఫీలకి లోపలికి కేకేశారు.